ఫెర్రైట్లు: కాల్చి చేసే అయస్కాంతాలు



“ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేస్తే ఏం లాభం?” అని మన ఇళ్ళలో తరచు అడుగుతుంటారు. కొన్నేళ్ళు ప్రయోగశాలలో ఫెర్రైట్ల మీద పనిచేసినవాడిగా నా సమాధానం ఆ పదార్థం గురించి చెప్పడమే.

ఐరన్ ఆక్సైడుతో మరికొన్ని లోహాల ఆక్సైడులను కలిపి కాలిస్తే వచ్చే నల్లని, పింగాణీలా పెళుసైన పదార్థమే ఫెర్రైట్. ల్యాప్‌టాప్ వైరు మీద ఉబ్బుగా కనిపించే చోట, రేడియో లోపలి నల్లని కడ్డీలో, చాలా స్పీకర్ల వెనుక ఉండే గుండ్రటి అయస్కాంతంలో ఉండేది ఇదే. 1930లో జపానులో యోగోరో కాటో, తకేషి తకేయి వీటి తయారీకి దారి చూపారు. వీటి అయస్కాంత గుణానికి కారణాన్ని 1948లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ నీల్ వివరించారు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మరి ఇనుమే వాడవచ్చు కదా? ఇనుములో కరెంటు సులువుగా పారుతుంది. అందువల్ల సెకనుకు వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రంలో ఉంచితే దానిలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, శక్తి వేడిగా వృథా అవుతుంది. ఫెర్రైట్ల విద్యుత్ నిరోధకత ఇనుముకంటే లక్షల రెట్లు ఎక్కువ కనుక ఆ నష్టం చాలా తక్కువ. సెల్‌ఫోను ఛార్జరు అరచేతిలో ఇమడడానికి ఇదొక ముఖ్య కారణం.

ఫెర్రైట్లలో ముఖ్యంగా రెండు రకాలు. మాంగనీస్‌-జింక్, నికెల్‌-జింక్ ఫెర్రైట్లు ‘సాఫ్ట్’ రకం. ఇవి సులువుగా అయస్కాంతమై, సులువుగానే ఆ గుణం వదులుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్లకు పనికివస్తాయి. బేరియం, స్ట్రాన్షియం ఫెర్రైట్లు ‘హార్డ్’ రకం. ఒకసారి అయస్కాంతమైతే ఆ గుణాన్ని నిలుపుకుంటాయి. స్పీకర్లలో, చిన్న మోటార్లలో వాడేవి ఇవే.

తయారీ పద్ధతి చూడండి. ఆక్సైడు పొడులను లెక్క ప్రకారం తూచి, బాల్ మిల్లులో నూరి, ఫర్నేసులో సుమారు 900–1000 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒకసారి కాలుస్తాం. మళ్ళీ నూరి, జిగురు కలిపి, అచ్చులో బిళ్ళగా నొక్కుతాం. తరువాత 1100–1400 డిగ్రీల మధ్య మళ్ళీ కాలుస్తాం. దీన్నే సింటరింగ్ అంటారు. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బిళ్ళ గట్టిపడి, కుదించుకుపోతుంది.

అసలు చదువు ఇక్కడే ఉంది. తూకం సరిగ్గా ఉన్నా వేడి చాలకపోతే లోపల సన్నని రంధ్రాలు మిగిలి అయస్కాంత గుణం తగ్గుతుంది. మితిమీరితే జింకు ఆవిరై పోతుంది. మాంగనీస్‌-జింక్ రకాన్ని చల్లార్చేటప్పుడు ఫర్నేసులో ఆక్సిజన్ ఎంత ఉండాలో కూడా అదుపు చేయాలి. లేకపోతే బిళ్ళ చూడడానికి బాగానే ఉంటుంది గాని పనికిరాదు. ఒకే పొడిని రెండు విధాలుగా కాలిస్తే రెండు వేరు పదార్థాలే వస్తాయి. ఎందుకలా అని వెతకడమే పరిశోధన.

కోరుకున్న ఇంజనీరింగ్ సీటు రాలేదని చదువు మీదే మనసు విరిగిన పిల్లలను నేను చూశాను. వారికి దారి మూసుకుపోలేదు. బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా బీఎస్సీ శ్రద్ధగా చదివి ‘జామ్’ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంటే ఐఐటీలో ఎమ్మెస్సీ చేయవచ్చు. ఇంజనీరింగులో చేరేవారు మెటలర్జీ, సిరామిక్ బ్రాంచీలను చిన్నచూపు చూడవద్దు.

తెలుగు చదవడం రాని పిల్లలకు పెద్దలు దీన్ని చదివి వినిపించాలని మనవి.