చంపిందెవరో తెలిశాక

ఈ వేసవిలో ఒక ఆదివారం ప్రొద్దుటూరులో ఒక మిత్రుడి మిద్దె మీద పదిమందిమి కూర్చుని ‘ట్విన్ పీక్స్’ అనే అమెరికన్ టెలివిజన్ సీరియల్ చివరి రెండు భాగాలు చూశాం. ముందు భాగాలు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూసి వచ్చారు. తెర నల్లబడగానే జమ్మలమడుగు నుంచి వచ్చిన ఎం.ఏ. విద్యార్థి లేచి నిలబడ్డాడు. “ఏంది సార్ ఇది? పద్దెనిమిది గంటలు కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా పోతే మోసం గాదా?” అన్నాడు.

అతని కోపం తీసిపారేయదగ్గది కాదు. 2017 సెప్టెంబరు 3న ఇదే భాగం ప్రసారమైనప్పుడు అక్కడి అభిమానులెందరో ఈ మాటే అన్నారు. ఆ కోపం ఎక్కడిదో, కథలు రాసే మనకు దానితో ఏం పనో చెప్పడానికే ఈ వ్యాసం.

సీరియల్ చూడనివారి కోసం ముందు క్లుప్తంగా కథ. 1990 ఏప్రిల్‌లో ఏబీసీ ఛానెల్‌లో డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ దీన్ని మొదలుపెట్టారు. కొయ్యమిల్లు ఉన్న ఒక చిన్న ఊరు. నీటి ఒడ్డున ప్లాస్టిక్ పట్టాలో చుట్టిన లారా పామర్ అనే పదిహేడేళ్ల అమ్మాయి శవం. దర్యాప్తుకు వచ్చిన కూపర్ అనే ఎఫ్.బి.ఐ. అధికారి కలల్లో కూడా ఆధారాలు వెతుకుతాడు. చంపిందెవరన్న ప్రశ్న దేశమంతా పాకింది. జవాబు చెప్పకూడదని లించ్ ఉద్దేశం, చెప్పితీరాలని ఛానెల్ ఒత్తిడి. నవంబరులో చెప్పేశారు: చంపింది కన్నతండ్రి. అప్పటికే తగ్గుతున్న ప్రేక్షకులు ఇంకా జారిపోయారు. 1991 జూన్‌లో సీరియల్ ఆగిపోయింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. అది కూతుర్ని ఏళ్ల తరబడి చెరిచి చంపిన తండ్రి కథ. ఆ అమ్మాయి ఏమి అనుభవించిందో 1992లో లించ్ సినిమాగా తీస్తే అది ఆడలేదు. పాత అభిమానుల్లోనే చాలామంది ముఖం తిప్పుకున్నారు. హంతకుడి పేరు కావాలి గాని హతురాలి బాధ అక్కర్లేదన్నమాట.

2017 మే 21న షోటైమ్ ఛానెల్‌లో సీరియల్ తిరిగి వచ్చింది. పద్దెనిమిది భాగాలు, అన్నిటికీ దర్శకుడు లించే. అభిమానులు కోరుకున్నది పాత హోటలు, పాత కాఫీ, చలాకీగా మాట్లాడే పాత కూపర్. దొరికింది మతి తప్పి, ఎదుటివాళ్ల మాటల్లో చివరి ముక్క మాత్రం తిరిగి పలికే కూపర్. అతను తెలివిలోకి రావడానికి పదహారో భాగం దాకా ఆగాలి. ఏడో భాగంలో ఒక మనిషి బారు నేల ఊడుస్తుంటే రెండు నిమిషాలకు పైగా అదే చూడాలి. కొందరు విసిగి మానుకున్నారు. కొందరు ప్రతి అంకెలో, ప్రతి దీపంలో గూఢార్థం తవ్వారు. చివరి రెండు భాగాలను పక్కపక్కన ఒకేసారి నడిపి చూస్తే రహస్యం విడిపోతుందన్నవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్సులోని ‘కాయే దు సినెమా’ పత్రికేమో ఆ ఏటి చిత్రాలన్నిటిలో దీనికే మొదటి స్థానం ఇచ్చింది. కోపగించుకున్నవాడూ, తవ్వినవాడూ నా దృష్టిలో ఒకటే. జవాబు ఒక పెట్టెలో పెట్టి తాళం వేశారనే ఇద్దరి నమ్మకం. ఒకడు పెట్టెను తన్నాడు, ఇంకొకడు తాళంచెవి వెతికాడు.

ఈ ముడి మనకు కొత్త కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో అంగడి ముందు పత్రిక కోసం కాచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. దాచడమెందుకు? పాపను కాపాడింది మంత్రమా, వైద్యమా అన్నది ఆ నవల పాఠకుడికే వదిలింది. తర్వాత ‘తులసి’గా కథ మళ్లీ వచ్చింది. రంగనాయకమ్మ గారు ‘తులసిదళం’ మీద ఒక పుస్తకమంత విమర్శ రాశారు. అక్కడి సందిగ్ధత మూఢనమ్మకానికి తలుపు సగం తెరిచిపెట్టి, పాఠకుణ్ణి వచ్చే వారానికి కట్టేసే తాడు.

లించ్‌లో ఈ దోషం లేదా? ఉంది. తండ్రి చేసిన ఘాతుకాన్ని ‘బాబ్’ అనే దుష్టశక్తి మీదికి నెట్టడం అభ్యుదయ దృక్పథం ఉన్న విమర్శకుడెవరూ ఒప్పుకోలేనిది. తిరిగి వచ్చిన సీరియల్ ఎనిమిదో భాగంలో లించ్ ఆ దుష్టశక్తికి ఒక తేదీ, ఒక చోటు ఇచ్చాడు: 1945 జూలై 16, న్యూమెక్సికో ఎడారి, మొదటి అణుబాంబు పరీక్ష. కెమెరా మెల్లగా ఆ మంటలోకి వెళ్తుంటే వెనక వినిపించేది హిరోషిమా మృతులకు పెండెరెట్స్కీ అంకితమిచ్చిన సంగీతం. ఇది ముందడుగే. కాని బాంబును చేయించింది ఒక ప్రభుత్వం, తెర మీద కనిపించేది భూతాల పుట్టుక. హిరోషిమా ప్రజలు ఆ సంగీతం పేరులో తప్ప ఇంకెక్కడా లేరు.

అయినా చివరి రెండు భాగాల దగ్గర నేను లించ్ పక్షమే. పదిహేడో భాగంలో కూపర్ కాలంలో వెనక్కి వెళ్లి, హత్య జరగబోయే రాత్రి లారా చేయి పట్టుకుని నడిపించుకుపోతాడు. ఒడ్డున శవం మాయమవుతుంది. అభిమాని కోరిక తీరినట్టే. ఆ తర్వాతి భాగంలో టెక్సాస్‌లో వేరే పేరుతో బతుకుతున్న ఆమెను వెతికి, రాత్రంతా కారు నడిపి తెచ్చి, ఆ ఇంటి తలుపు తడతాడు. తలుపు తీసినామె ఎవరో పరాయి మనిషి. (ఆ పాత్ర వేసింది ఆ ఇంటి అసలు యజమానురాలే.) కూపర్ వీధిలో నిలబడి ఇది ఏ సంవత్సరమని అడుగుతాడు. ఇంట్లోంచి తల్లి పిలుపు లీలగా వినపడుతుంది. ఆమె కేక పెడుతుంది. దీపాలు ఆరిపోతాయి.

పులివెందుల నుంచి వచ్చిన టీచరమ్మ ఒకరు, కథలు రాస్తారు, అంతవరకు నోరు విప్పలేదు. “సంపినోడెవురో మా పల్లెల్లో తెల్లారేసరికి అందరికీ తెలుస్తాది సార్. పోలీసోళ్లు రాకముందే తెలుస్తాది. తెలిసినాక ఆ ఇంట్లో ఏం మారింది? నాకు ఆ తల్లే కనపడతాండాది” అన్నారు.

ఆమె అన్నది లారా తల్లి శారా పామర్ గురించి. కొత్త భాగాల్లో శారా చీకటి గదిలో ఒక్కతే కూర్చుని, తాగుతూ, మృగాలు ఒక దున్నను చీల్చుకు తినడం టీవీలో చూస్తుంటుంది. మరో భాగంలో ఆ టీవీలో పాత బాక్సింగ్ పోటీ ముక్క ఒక్కటే మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. అభిమానులు ఆ ముక్కలోనూ సంకేతం వెతికారు. టీచరమ్మకు వెతకవలసిన పని పడలేదు.

1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన దగ్గర్నుంచి మన సీమ హత్యలు తెర మీద సుమోలుగా, బాంబులుగా, తొడగొట్టడాలుగా మిగిలాయి. మన పెద్ద కథకులు ఆ దారిన పోలేదు. కాని ఈమధ్య నా దగ్గరికి వచ్చే యువకుల కథల్లో హంతకుడి పేరు ఆఖరి వాక్యంలో బయటపెట్టడం అలవాటుగా కనిపిస్తోంది. పేరు చెప్పగానే రచయిత పనీ, పాఠకుడి పనీ ఒకేసారి ముగుస్తాయి. రా.రా. పుట్టిన పైడిపాలెం పులివెందుల పక్కనే. ఆయన ‘సంవేదన’కు అలాంటి కథ పంపి ఉంటే ఏమయ్యేదో ఊహించడం పెద్ద కష్టం కాదు.

జమ్మలమడుగు అబ్బాయి దిద్దమని ఇచ్చిన కథ ఒకటి అప్పటికి నా దగ్గరే ఉంది. పెన్నా ఇసుకలో శవం, ఆఖరి వాక్యంలో చిన్నాయన పేరు. ఆ సాయంత్రం మిద్దె దిగుతూ కథ వెనక్కి ఇమ్మన్నాడు. నెల దాటింది. మొన్న ఫోను చేస్తే, “ఆ ఆఖరి ముక్క కొట్టేసినా సార్. వాళ్లమ్మ ఆ రాత్రి అన్నం వండాల్నా వద్దా అనే కాడ నిలిచిపోయినా” అన్నాడు.