తాళంచెవి ఎవరి దగ్గర?

‘బడిపిల్లలు, హఠాత్తుగా ఆగిపోయే గుండె. ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి కావాలి’ అన్నారు ఎడిటర్ గారు. అప్పటికే మంగళవారం.

యంత్రాల మీద నాకు మొదట్నుంచీ కాస్త అనుమానమే. మన దగ్గర ఏది కొన్నా రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి, బీరువాలో పెట్టేస్తాం. అందుకే గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టెల బ్రోచర్లు పక్కన పడేసి, బడుల కోసం అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే అత్యవసర ప్రణాళిక తెరిచాను. అందులో వైద్యం తక్కువ, ఇంటి పనుల పంపకం ఎక్కువ. ఛాతీ నొక్కేదెవరు? ఫోన్ చేసేదెవరు? ఏఈడీ కోసం పరుగెత్తేదెవరు? గేటు దగ్గర అంబులెన్సుకు ఎదురెళ్లేదెవరు? పెట్టెకు తాళం ఉండకూడదు. ఎక్కడ పడిపోయినా 3 నిమిషాల్లో అది అక్కడికి చేరాలి. చేరుతుందో లేదో అప్పుడప్పుడూ ఉత్తుత్తి ప్రమాదంతో పరీక్షించుకోవాలి.

బుధవారం మా అమ్మాయి బడికెళ్లాను. ఏఈడీ లేదు. ‘‘సార్, ఇక్కడో పిల్లాడు పడిపోయాడనుకోండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెప్పించండి’’ అన్నాను పీఈటీ సారుతో. తొమ్మిదో తరగతి కుర్రాడు పరుగందుకున్నాడు, నేను ఫోన్లో టైమర్ నొక్కాను. ప్రిన్సిపల్ మేడమ్ మీటింగుకెళ్లారు. బీరువా తాళం క్లర్కు దగ్గర. ఆయన బ్యాంకులో. చివరికి రెండో తాళంచెవి ఆయమ్మ కొంగుముడిలో దొరికింది. పెట్టె వచ్చేసరికి 7 నిమిషాల 10 సెకన్లు. ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

‘‘కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే ఏం చేస్తారు సార్?’’ అనడిగాను.

‘‘ఫిట్స్ కదండీ. చేతిలో తాళాలగుత్తి పెడతాం.’’

నేనూ చిన్నప్పుడు అదే చూశాను. తాళాలగుత్తితో ఫిట్స్ తగ్గవు. పైగా అది ఫిట్సే కాకపోవచ్చు. గుండె ఆగిన తొలి క్షణాల్లోనూ ఒళ్లు అలా కొట్టుకోవచ్చు. ఎగశ్వాస వస్తుంటే ‘ఊపిరి ఆడుతోంది’ అనుకుని ఆగిపోతాం. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే చాలు, నొక్కడం మొదలుపెట్టాలి.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఛాతీ నొక్కే (సీపీఆర్) పద్ధతిని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రకటించింది 1960లో. విస్కాన్సిన్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతూ ఓ విద్యార్థి చనిపోయాక, ఇలాంటి ప్రమాదాలకు బడులను సిద్ధం చేసే ‘ప్రాజెక్ట్ ఆడమ్’ 1999లో పుట్టింది. 2005లో డెన్మార్క్ బళ్లలో సీపీఆర్ తప్పనిసరి చేసింది. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో మన 108 మొదలైంది. అంటే అంబులెన్సు సంగతి ముందే చూసుకున్నాం, అది వచ్చేలోపు సంగతే మిగిలింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ చేపట్టింది. 2024 చివర్లో బడుల కోసం అమెరికాలో హార్ట్స్ చట్టం వచ్చింది.

బాక్స్: పేజీలో పట్టనివి
గుండెపోటంటే రక్తనాళం మూసుకుపోవడం. ఈ కథనంలోది లయ తప్పి గుండె ఆగిపోవడం. పిల్లల్లో దీనికి గుండె కండరం మందమవడమో, పుట్టుకతో వచ్చిన విద్యుత్ లోపమో కారణం కావచ్చు. ఒక్కోసారి ఛాతీకి తగిలిన బంతి కూడా.
ప్రార్థనలో నిలబడి తూలిన పిల్లలు చాలాసార్లు టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లే. పరుగెడుతూ పడిపోతే మాత్రం గుండె డాక్టరుకు చూపించాలి. చిన్నవయసులో ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా అని అడ్మిషన్ ఫారంలో అడగాలి.
నొక్కుడు నిమిషానికి 100 నుంచి 120, సుమారు 5 సెంటీమీటర్ల లోతు. ఏం చేయాలో ఏఈడీయే గొంతుతో చెబుతుంది. అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు.

గురువారం మధ్యాహ్నం పీఈటీ సారు ఫోన్ చేశారు. పెట్టెను వరండా గోడకు మేకు కొట్టి తగిలించారట, తాళం లేకుండా. ‘‘మరి అంబులెన్సు లోపలికి రావాలంటే పెద్ద గేటు?’’ అన్నాను.

‘‘దాని తాళం బస్సు ఇన్‌ఛార్జి దగ్గరుందండీ. ఆయన సాయంత్రం నాలుగింటికి వస్తాడు.’’