టేప్ బాగానే ఉంది, డేటానే రాలేదు!

ఎప్పుడూ ఫోన్ స్టోరేజ్ గురించే మాట్లాడుకుంటాం కదా, ఈసారి బ్యాకప్ టేపుల సంగతి చూద్దాం. "ఇంకా టేపులేంటి బ్రో?" అంటారేమో. 2011లో ఒక బగ్ వల్ల కొందరి జీమెయిల్ ఖాళీ అయిపోతే, గూగుల్ ఆ మెయిల్స్‌ని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 టేప్ ఒక్కదాంట్లో, కంప్రెషన్ లేకుండానే 18 టీబీ పడుతుంది.

మా ఆఫీసులో ఆడిట్ వాళ్లు 2013 నాటి ఇన్‌వాయిస్‌లు అడిగారు. టైమ్ వారమే. పాత సర్వర్ ఎప్పుడో స్క్రాప్‌కి పోయింది. బీరువాలో ఎల్‌టీఓ-4 టేపులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాం.

మొదటి దెబ్బ డ్రైవ్ దగ్గరే తగిలింది. ఏడో తరం వరకు ఎల్‌టీఓ డ్రైవ్‌లు తమకంటే రెండు తరాల పాత టేపులు కూడా చదివేవి. ఎనిమిదోది ఒక్క తరం వెనక్కే చదువుతుంది. మాదేమో అదే, ఎల్‌టీఓ-8! చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఎల్‌టీఓ-6 దొరికింది. దాన్ని యూఎస్‌బీలో గుచ్చితే పనవ్వదు, సిస్టమ్‌లో శాస్ కార్డు వేయాలి. ఇక్కడికే మూడు రోజులు గోవిందా.

అసలు తలనొప్పి ఆ తర్వాతే. ఏ ఫైల్ ఏ టేప్‌లో ఎక్కడుందో చెప్పే కేటలాగ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంటుంది. మాది పాత సర్వర్‌తో పాటే పోయింది. అది లేకపోతే ప్రతి టేపునీ మొదటి నుంచి చివరిదాకా చదివించి కేటలాగ్ మళ్లీ కట్టుకోవాలి. ఎల్‌టీఓ-4లో 820 మీటర్ల టేప్ ఉంటుంది. మొత్తం 800 జీబీ చదవాలంటే అది ఆ చివర నుంచి ఈ చివరకి 56 సార్లు తిరగాలి. ఫుల్ స్పీడ్‌లో కూడా దాదాపు రెండు గంటలు. మావి 14 టేపులు! పైగా ఫుల్ బ్యాకప్ ఒక టేపులో, తర్వాతి మార్పులు వేరే టేపుల్లో. వరుసలో ఒక్కటి మిస్సైనా ఆ మేరకు డేటా పోయినట్టే.

మాకు మిస్సైంది చివరి రెండు టేపులు. పాడవ్వలేదు, ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. డ్రైవ్‌లోనే ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ వచ్చింది ఎల్‌టీఓ-4 నుంచే. ఎవరో ఆన్ చేశారు, కీ మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు. వాట్సాప్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌కి 64 అంకెల కీ పెట్టుకుని పోగొట్టుకున్నట్టే అనుకోండి. ఇక ఏ రికవరీ ల్యాబ్‌కి పంపినా లాభం లేదు.

సెప్టెంబర్ దాకా ఇన్‌వాయిస్‌లు దొరికాయి. మిగతా మూడు నెలలవి కస్టమర్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "సార్, మీ దగ్గర కాపీ ఉందా?" అని అడుక్కున్నాం. ఇప్పుడు మూడు నెలలకోసారి ఏదో ఒక పాత టేప్ తీసి, ఒక ఫోల్డర్ నిజంగా రీస్టోర్ చేసి చూస్తున్నాం. కీ ప్రింటవుట్ అకౌంట్స్ వాళ్ల లాకర్‌లో ఉంది.