డార్క్ షాడోస్: రక్తపిశాచిని హీరో చేసిన సీరియల్.. అందులో చెత్త ట్రాక్ ఏది? ఫ్యాన్స్ గొడవ ఎందుకు తెగట్లేదు?

ఒక సీరియల్ ఆగిపోయి యాభై ఏళ్లు దాటింది. అందులో నటించిన వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అయినా ఆ సీరియల్ ఫ్యాన్స్ నలుగురు కలిస్తే ఒక ప్రశ్న దగ్గర మాత్రం మాట మీద మాట పెరుగుతుంది. అన్నింట్లోకి వీక్ ట్రాక్ ఏది? అమెరికాలో ఏబీసీ ఛానల్ 1966 జూన్ 27 నుంచి 1971 ఏప్రిల్ 2 వరకు నడిపిన ‘డార్క్ షాడోస్’ సంగతి ఇది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం పూట అరగంట. మొత్తం 1,225 ఎపిసోడ్లు.

మామూలుగా ఫ్యాన్స్ అంటే తమ షోను ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోరు. వీళ్ల లెక్క వేరు. ప్రాణం పెట్టేదీ వీళ్లే, తిట్టిపోసేదీ వీళ్లే. ఎందుకంటే ఈ గొడవ వెనకాల ఇంకో బాధ ఉంది. స్కూలు పిల్లలు పరుగున ఇంటికొచ్చి చూసిన సీరియల్ ఐదేళ్లు నిండకుండానే ఎందుకు ఆగిపోయింది? దాన్ని ముంచిన కథ ఏది?

అసలు మొదలైంది ఇలా..

నిర్మాత డాన్ కర్టిస్‌కు ఒక కల వచ్చిందట. రైల్లో ఒంటరిగా వెళ్తున్న ఒక అమ్మాయి కల. ఆ అమ్మాయే విక్టోరియా వింటర్స్. అనాథాశ్రమంలో పెరిగింది. తల్లిదండ్రులెవరో తెలీదు. మెయిన్ రాష్ట్రంలోని కాలిన్స్‌పోర్ట్ అనే ఊళ్లో, సముద్రం ఒడ్డు కొండ మీద ఉన్న కాలిన్‌వుడ్ బంగళాకు ఒక పిల్లాడికి చదువు చెప్పడానికి వస్తుంది. ఆ ఇంటి యజమానురాలు ఎలిజబెత్ పద్దెనిమిదేళ్లుగా గడప దాటలేదు. ఈ పాత్ర వేసింది పాత హాలీవుడ్ స్టార్ జోన్ బెన్నెట్.

మొదట్లో దెయ్యాలు పెద్దగా లేవు. రేటింగ్స్ కూడా లేవు. 1967 ఏప్రిల్‌లో కథ మలుపు తిరిగింది. నగలు దొరుకుతాయన్న ఆశతో విల్లీ లూమిస్ అనేవాడు కాలిన్స్ వంశం సమాధుల్లో గొలుసులు చుట్టిన శవపేటిక ఒకటి తెరిచాడు. అందులోంచి లేచినవాడు బార్నబస్ కాలిన్స్. కెనడాకు చెందిన రంగస్థల నటుడు జోనాథన్ ఫ్రిడ్ వేసిన ఈ రక్తపిశాచి కొన్నాళ్లు భయపెట్టి పోవాల్సిన పాత్ర. పోలేదు. సీరియలే అతనిదైపోయింది. తన శాపానికి తానే కుమిలిపోయే పిశాచిని జనం భయంతో కాదు, జాలితో చూశారు.

ఇక్కడిదాకా ఫ్యాన్స్ అందరిదీ ఒకటే మాట. ఆ తర్వాత నుంచే పంచాయితీ.

పెన్ను కథ.. పెన్ను కోసమే వారాలు

కొందరి ఓటు మొదటి ఏడాదిలోని పెన్ను ట్రాక్‌కు. బిల్ మల్లోయ్ అనే మనిషి సముద్రంలో శవమై తేలతాడు. అనుమానం ఎలిజబెత్ తమ్ముడు రోజర్ మీదికి వస్తుంది. సాక్ష్యం ఏంటంటే.. ఒక వెండి పెన్ను. అది రోజర్ చేతిలోంచి పోవడం, ఒడ్డున విక్టోరియాకు దొరకడం, రోజర్ దాన్ని దొంగిలించి పాతిపెట్టడం, మధ్యలో అందరూ ఆ పెన్ను గురించే మాట్లాడుకోవడం.. ఇలా సాగుతూనే ఉంటుంది. హంతకుడు రోజర్ కాదని తేలేసరికి చూసేవాడికి ఓపిక అయిపోతుంది.

కానీ ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1966లో ఇంట్లో రికార్డు చేసుకునే వీలు లేదు. ఒకరోజు బట్టలుతికే పనిలో పడి ఎపిసోడ్ మిస్సయితే అంతే సంగతులు. అందుకే నిన్న జరిగింది ఈరోజు ఒక పాత్ర ఇంకో పాత్రకు చెప్పాల్సిందే. డైలీ సీరియల్ చూసే మన ఇళ్లలో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. రోజుకు ఒక్కటి చొప్పున చూసినవాళ్లకు పెన్ను పెద్దగా గుచ్చుకోలేదు. డీవీడీలు పెట్టుకుని ఒక్క రాత్రిలో ఏడెనిమిది ఎపిసోడ్లు లాగించే ఈతరం ఫ్యాన్స్‌కే అది నరకం. అంటే ఏ ట్రాక్ వీక్ అన్నది ఎప్పుడు, ఎలా చూశారన్న దాన్ని బట్టి కూడా మారిపోతుందన్నమాట.

ఒకే కల.. మళ్లీ మళ్లీ

1968 నాటి ‘కల శాపం’ ట్రాక్‌కు మాత్రం ఆ సాకు కూడా పనిచేయదు. అంతకుముందు వచ్చిన 1795 నాటి ఫ్లాష్‌బ్యాక్ సీరియల్‌కే తలమానికం. విక్టోరియా గతంలోకి వెళ్తుంది. బార్నబస్ పిశాచి ఎలా అయ్యాడో మనకు తెలుస్తుంది. అతన్ని ప్రేమించి, కాదన్నాడని శపించిన మంత్రగత్తె ఏంజెలీక్ అక్కడే పరిచయం అవుతుంది. అంత గొప్ప ట్రాక్ అయ్యాక ఏంజెలీక్ వర్తమానంలోకి వచ్చి ఏం చేసింది? ఒక కలను ఊరి మీదికి వదిలింది. ఆ కల వచ్చినవాళ్లు దాన్ని ఇంకొకరికి చెప్పేదాకా నిద్రపోలేరు. చెప్పగానే విన్నవాళ్లకు వస్తుంది. అలా చేతులు మారి బార్నబస్‌కు చేరితే అతను మళ్లీ పిశాచి అవుతాడు.

ఐడియా వినడానికి బాగుంది. తెర మీద ఏమైంది? ప్రతి మనిషికీ అదే కల. అవే తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక్కో భయం. కల అయ్యాక, చెప్పనా వద్దా అన్న మధన. చెప్పడం. మళ్లీ ఇంకొకరికి మొదటి నుంచి అదే. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికే ఎవరికైనా లెక్క అర్థమైపోతుంది. మరీ దారుణం ఏంటంటే అంతా అయ్యాక, కల బార్నబస్‌కు చేరాక, అది పనిచేయలేదు! డాక్టర్ లాంగ్ తయారు చేసిన ఆడమ్ అనే మనిషి బతికున్నంత కాలం బార్నబస్‌ను శాపం అంటదు మరి. ఆ ముక్క డాక్టర్ చనిపోయే ముందు టేప్‌లో రికార్డు చేసి పెట్టాడు. ఆ టేపు ప్రేక్షకులకు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. వినాల్సినవాళ్ల చెవిన మాత్రం పడదు. ఫ్యాన్స్ ఈ టేపు మీద వేసుకునే జోకులకు లెక్కలేదు.

ఆడమ్ విషయంలో మాత్రం రెండు వర్గాలు. ఫ్రాంకెన్‌స్టైన్ కథను ఎత్తుకొచ్చి అతికించారని కొందరంటారు. రాబర్ట్ రోడాన్ నటన చూశాక అలా తీసిపారేయలేమని ఇంకొందరి మాట. నిజమే, ఆడమ్‌ను ఎలిజబెత్ కూతురు కరోలిన్ ఇంట్లో దాచిపెట్టి చూసుకునే సీన్లలో ఒక లేతదనం ఉంది. అతనికి జోడీగా ఈవ్‌ను తయారు చేసే దగ్గరికి వచ్చాకే కథ చేయి దాటిపోయింది.

లెవయథన్ వచ్చింది.. రేటింగ్స్ పోయాయి

ఇక అసలు నిందితుడి దగ్గరికి వద్దాం. 1969లో ఎనిమిది నెలలకు పైగా నడిచిన 1897 నాటి ట్రాక్‌తో సీరియల్ శిఖరానికి చేరింది. డేవిడ్ సెల్బీ వేసిన తోడేలు మనిషి క్వెంటిన్ కుర్రకారు గుండెల్లో కూర్చున్నాడు. రాబర్ట్ కోబర్ట్ కట్టిన క్వెంటిన్ ట్యూన్ రికార్డుగా వచ్చి అమెరికా టాప్ 20 పాటల్లోకి ఎక్కింది. ఆ ఏడాది నవంబర్‌లో అక్కడి నుంచి కథ లెవయథన్లలోకి దిగింది.

లెవయథన్లు అంటే మనుషుల కంటే ముందు భూమిని ఏలిన జాతి. మళ్లీ ఏలాలని చూస్తుంటారు. భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ లోకంలోంచి తెచ్చుకున్న ఆలోచన ఇది. వాళ్లు బార్నబస్‌ను లొంగదీసుకుని ఒక పెట్టె ఇచ్చి పంపుతారు. ఆ పెట్టె మీద పాము తలల గుర్తు. దానికి సీరియల్లో పెట్టిన పేరు ‘నాగ’. అచ్చంగా మన మాటే! నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనకు ఆ పెట్టెను చూస్తే భయం కంటే ముందు ఇంకేదో గుర్తొస్తుంది.

పెట్టెలోంచి వచ్చింది ఒక పురాతన వస్తువుల కొట్టు నడుపుకునే దంపతుల ఇంట్లో బిడ్డగా చేరుతుంది. వారం తిరక్కుండానే ఎదుగుతూ చివరికి జెబ్ హాక్స్ అనే యువకుడు అవుతాడు. వాడి అసలు రూపం మహా భయంకరం. ఎంత భయంకరం అంటే.. మనకు చూపించరు. మూసిన తలుపు, లోపలి నుంచి బరువైన ఊపిరి, ఎదురుగా నిలబడి కేకపెట్టే ఒక నటుడు. అంతే.

తప్పు పట్టేవాళ్ల మొదటి పాయింట్ ఇదే. విశ్వాన్ని మింగే భూతాన్ని చూపించాలంటే న్యూయార్క్‌లోని ఆ చిన్న స్టూడియో సరిపోదు. రోజుకో ఎపిసోడ్ తీయాలి. టేపు ఎడిటింగ్ ఖరీదు. అందుకే కొంప మునిగితే తప్ప షూటింగ్ ఆపేవాళ్లు కాదు. డైలాగ్ మర్చిపోయినా, మైక్ ఫ్రేములోకి వచ్చినా అలాగే ప్రసారం అయిపోయేది. (ఆ పొరపాట్లన్నీ ఏరి దాచుకునే ఫ్యాన్స్ వేరే ఉన్నారు, వాళ్లకు అవే పండగ.)

రెండో పాయింట్ ఇంకా గట్టిది. బార్నబస్‌ను మళ్లీ విలన్‌ను చేశారు. అదీ తన కోపంతోనో, తన ప్రేమతోనో కాదు. ఎవరో ఆడిస్తే ఆడే బొమ్మగా. రెండున్నరేళ్లు ప్రేక్షకులు కట్టుకున్న జాలిని ఒక పెట్టెతో తుడిచేశారు. ఎలిజబెత్, చిన్న డేవిడ్ కూడా ఆ గుంపులో కలిసిపోయారు. ప్రేక్షకుడు పట్టుకోవడానికి ఇంట్లో మనిషి మిగల్లేదు. రేటింగ్స్ పడిపోయాయి. దాంతో రచయితలు హడావుడిగా వెనక్కి తిప్పారు. జెబ్ ఉన్నట్టుండి కరోలిన్ ప్రేమలో పడి మంచివాడయ్యాడు, పెట్టెను నాశనం చేశాడు, ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత కొండ మీది నుంచి తోసేస్తే చచ్చిపోయాడు. 1970 మార్చికల్లా కథ ముగించేశారు.

అయితే వెనకేసుకొచ్చేవాళ్లు కూడా గట్టిగానే ఉన్నారు. వాళ్లు చూపించేది పాల్ స్టోడార్డ్‌ను. ఎలిజబెత్ భర్త, కరోలిన్ తండ్రి. ఇరవై ఏళ్ల కిందట తెలియక చేసిన బేరంలో కూతుర్నే వీళ్లకు అమ్మేసుకున్నాడు. తిరిగొచ్చాక ఊళ్లో ఎవర్ని నమ్మాలో తెలీదు. సాయం అడిగిన ప్రతి మనిషీ వాళ్లలో ఒకడే. భార్యతో సహా. డెన్నిస్ పాట్రిక్ చేసిన ఆ సీన్లు చూస్తే భూతం కనపడకపోయినా ఒళ్లు జలదరిస్తుంది. నన్నడిగితే ఆ కొన్ని వారాలు ఈ సీరియల్లోని మంచి భాగాల పక్కన నిలబడతాయి.

ఎందుకు నిలబడతాయో చూస్తే ఈ గొడవ మొత్తానికీ ఒక దారి కనపడుతుంది. పాల్ కథలో ఉన్నది భూతం కాదు, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి. 1795 కథలో ఉన్నదీ అదే. ప్రేమించి కాదన్న ఒక మగాడు, ఆ కసితో కూలిపోయిన ఒక ఇల్లు, తనవాళ్ల చావులన్నీ కళ్లారా చూసిన కొడుకు. భయం ఆ ఇంటి రక్తంలోంచి పుట్టినప్పుడల్లా సీరియల్ నిలబడింది. బయటి నుంచి పెట్టెలో పార్సిల్ వచ్చినప్పుడు, కలలా చేతులు మారుతూ తిరిగినప్పుడు చతికిలపడింది. లెవయథన్లు కాలిన్స్ కుటుంబం మీదికే ఎందుకు రావాలి అన్నదానికి సీరియల్ దగ్గర సరైన జవాబు లేదు. ఏంజెలీక్‌కు ఆ అవసరమే రాలేదు.

సాగదీసింది కాదు.. వదిలేసిందే తప్పు

ఇంకో వర్గం ఉంది. వీళ్ల ఫిర్యాదు అన్నింటికంటే న్యాయంగా అనిపిస్తుంది. పెన్ను, కల, పెట్టె ఇవన్నీ కనీసం ముగిశాయి. మొదటి ఎపిసోడ్‌లో రైలెక్కిన అమ్మాయి ప్రశ్న మాత్రం ముగియలేదు. విక్టోరియా ఎవరి కూతురు? ఎలిజబెత్ కూతురే కావచ్చని సూచనలు బోలెడు ఇచ్చారు. బార్నబస్ వచ్చాక ఆ ప్రశ్నను పక్కన పెట్టేశారు. ఆ పాత్ర వేసిన అలెగ్జాండ్రా మోల్ట్‌కే గర్భవతి కావడంతో 1968 చివర్లో తప్పుకున్నారు. తర్వాత ఇద్దరు నటీమణులు వచ్చి వెళ్లారు. విక్టోరియాను ప్రియుడితో గతంలోకి పంపేసి చేతులు దులుపుకున్నారు. ఎవరి కలతో సీరియల్ మొదలైందో ఆమె కథకే చివర లేకుండా పోయింది.

1970లో ఇంకో చిక్కు. సీరియల్ నడుస్తుండగానే అదే టీమ్‌తో కర్టిస్ ‘హౌస్ ఆఫ్ డార్క్ షాడోస్’ సినిమా తీశారు. ఫ్రిడ్ సినిమా షూటింగ్‌లో ఉంటే సీరియల్లో బార్నబస్‌ను శవపేటికలో పెట్టి గొలుసులు చుట్టేశారు. హీరో కొన్ని వారాలు పెట్టెలోనే! అప్పటి ‘సమాంతర కాలం’ ట్రాక్ మీద పడే తిట్లలో సగం ఈ సర్దుబాటుకే చెందాలి.

ఆఖరి ట్రాక్ గురించి కూడా గొడవే. 1841 నాటి ఇంకో సమాంతర లోకం. పిశాచి వేషం విసుగెత్తిన ఫ్రిడ్ అందులో బార్నబస్ కాదు, బ్రామ్‌వెల్ అనే మామూలు మనిషి. తెలిసిన పాత్ర ఒక్కటీ లేదు. శాపం ఉన్న ఒక గది, ప్రతి తరంలోనూ ఆ ఇంటివాళ్లు చీటీలు వేసి ఒకరిని రాత్రంతా అందులో పంపడం.. చిన్న కథ, శుభ్రంగా ముగిసిన కథ. బార్నబస్ లేకుండా వీడ్కోలేంటని సగం మందికి ఇప్పటికీ మండుతుంది.

1971 ఏప్రిల్ 2, చివరి ఎపిసోడ్. ఒక అమ్మాయిని మెడ మీద గాట్లతో ఇంట్లోకి తీసుకొస్తారు. చూసేవాళ్ల గుండె ఒక్కసారి లేచి ఉంటుంది, అదిగో వచ్చాడు అని. అప్పుడు థేయర్ డేవిడ్ గొంతు వినిపిస్తుంది. ఈసారి ఆ గాట్లు నిజంగానే ఒక జంతువు చేసినవని, అక్కడ రక్తపిశాచి ఎవరూ లేరని చెబుతుంది. ఆ తర్వాత ఆ టైమ్‌లో ఏబీసీ ‘పాస్‌వర్డ్’ అనే గేమ్ షో వేసింది.