సంఘపు కంప్యూటర్లకు కట్టుబాట్లు

బెంగుళూరులోని మన సంఘములలో నూలు జమాఖర్చులు, మజూరీ పద్దులు ఇప్పుడు కంప్యూటర్లలోనే వ్రాయుచున్నాము. ఆ కంప్యూటర్లన్నియు ఒకే నెట్‌వర్కుతో కలిసియున్నవి. పడుగులో ఒక పోగు చిక్కుపడిన పక్క పోగులను లాగును గదా! ఇచ్చటను అంతే.

ఒకరు ఇంటి రౌటరును తెచ్చి సంఘపు తీగకు తప్పుగా తగిలించిరనుకొనుడు. అది ఇతర కంప్యూటర్లకు తప్పుడు చిరునామాలు పంచును. చెడు తలంపు లేకున్నను అందరి పనియు ఆగిపోవును.

దొంగబుద్ధి గలవారు చొరబడిన నష్టము ఇంకను ఎక్కువ. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేసిరి. సిబ్బంది మోసపు ఈ-మెయిలు తెరచుటచే దారి దొరికినదనియు, సర్వాధికారములు పెక్కుమంది చేతిలో నుండెననియు పోలీసులు తెలిపిరి. అదియు మనవంటి సహకార సంస్థయే.

కావున ఈ కట్టుబాట్లు పాటింపవలెను:

1. పద్దుల నెట్‌వర్కు వేరు, వచ్చిపోవువారి వై-ఫై వేరుగా నుండవలెను.

2. ఎవరి పాస్‌వర్డు వారిదే. మార్పులుచేయు అధికారము ఒకరిద్దరికి మించరాదు.

3. పని మానినవారి పేరు ఆనాడే తొలగింపవలెను.

4. వారమునకొకసారి పద్దుల నకలు విడి డిస్కులో తీసి, డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టవలెను.

5. సొమ్ము పోయినచో తక్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

ఇవి సెక్రటరీకిని వర్తించును. ఒకరి తప్పువలన నూరిండ్ల మజూరీ ఆగరాదు.