మెయిల్ చదవకముందే తీర్పు

రఘునాథపల్లి లాంటి మండల కేంద్రంలో జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు రోజంతా తీరిక ఉండదు. హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు, పహాణీలు. వచ్చినవాళ్లు తలా ఒక పెన్‌డ్రైవ్ తెస్తారు. అందులో ఒకదాని వెంట ‘బాట్’ అనే దొంగ ప్రోగ్రామ్ దిగిందనుకుందాం. షాపాయనకు తెలిసేది, తెలిస్తే, నెట్ కాస్త స్లో కావడమే. లోపల మాత్రం ఆ మిషన్ ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి మెయిల్ అడ్రస్‌లు, మెయిల్ నమూనా తెచ్చుకుని, కాపీ కాపీకి నాలుగు మాటలు మార్చి పంపుతూనే ఉంటుంది. ఇలా ఒకే మాట వినే మిషన్ల దండే బాట్‌నెట్. 2012 తొలి మూడు నెలల్లో ప్రపంచ స్పామ్‌లో 9.3 శాతం మన దేశపు కంప్యూటర్ల మీదుగానే వెళ్లిందని, అమెరికాను దాటి మొదటి స్థానం మనదేనని సోఫోస్ సంస్థ లెక్క తేల్చింది. రాసినోళ్లు మనవాళ్లని కాదు, కాపలా లేని మిషన్లు మనవి.

ఇందులో గిట్టేదెంత? 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ‘స్టార్మ్’ బాట్‌నెట్‌లోకి దూరి చూశారు. మందుల ప్రకటనతో దాదాపు 35 కోట్ల మెయిళ్లు పోతే, కొనబోయింది 28 మంది! కరెంటు, నెట్ బిల్లు వేరేవాళ్లవి కాబట్టి ఆ మాత్రం బేరమూ లాభమే.

మరి దీన్ని ఆపేదెలా? 1982 నాటి మెయిల్ నియమాల్లో పంపేవాడు చెప్పిన పేరును సరిచూసే ఏర్పాటే లేదు. అందుకే వడపోత ఇప్పుడు మెయిల్‌లోని మాటలతో మొదలుకాదు. ముందు ఐపీ అడ్రస్ చూస్తారు. ఇళ్లకు, షాపులకు ఇచ్చే కనెక్షన్ల నుంచి నేరుగా మెయిల్ రావాల్సిన పనే లేదు. షాపాయన సొంత మెయిల్ కూడా ఆయన మెయిల్ కంపెనీ సర్వర్ మీదుగానే పోతుంది. అలాంటి అడ్రస్‌ల జాబితాలను స్పామ్‌హౌస్ వంటి సంస్థలు నడుపుతున్నాయి. బ్యాంకు పేరుతో వస్తే, ఆ సర్వర్‌కు బ్యాంకు అనుమతి ఉందా, డిజిటల్ సంతకం కలిసిందా అని అడుగుతారు.

నాకు భలే నచ్చిన ఉపాయం ఇంకోటుంది. ముఖం తెలియని మిషన్ వస్తే సర్వర్ 451 అనే కోడ్‌తో ‘కాసేపాగి రా’ అంటుంది. సిసలైన సర్వర్ మెయిల్‌ను దాచుకుని మళ్లీ వస్తుంది. కోట్లు పంపాల్సిన బాట్‌కు అంత ఓపికెక్కడిది? చాలా బాట్లు తిరిగొచ్చేవే కావు. కొన్ని నేర్చుకున్నాయి గానీ, ఈలోగా వాటి అడ్రస్ నల్లజాబితాకు ఎక్కే అవకాశముంది.

మాటల వంతు ఆ తర్వాతే. 2002లో పాల్ గ్రాహం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, మీరు ఉంచుకున్న మెయిళ్లు, స్పామ్‌లో పడేసినవి చూసి ఫిల్టర్ ఒక్కో మాటకు విలువ కడుతుంది. ‘లాటరీ’ స్పామ్ వైపు లాగితే, జనగామ పత్తి వ్యాపారి మెయిల్‌లో ‘క్వింటాల్’ మంచి వైపు లాగుతుంది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది మాత్రం మూలం మీద. 2008 నవంబర్ 11న బాట్లకు ఆదేశాలిచ్చే సర్వర్లున్న మెకోలో అనే అమెరికా కంపెనీకి ఇంటర్నెట్ తెంచేస్తే, ప్రపంచ స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. నెలల్లోనే మళ్లీ లేచింది.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టింది. బాట్ పట్టిన కనెక్షన్ల సంగతి నెట్ కంపెనీల ద్వారా కస్టమర్లకు చెబుతుంది, తొలగించే టూల్ ఉచితంగా ఇస్తుంది. అయితే మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకుండా కేంద్రం వెబ్‌సైట్‌ను స్వయంగా తెరవడమే మేలు. ఆ పేరుతోనూ దొంగ మెసేజ్‌లు రావచ్చు.