వార్తల్లో పదం: పర్మాఫ్రాస్ట్ వైరస్‌లు

కనీసం వరుసగా రెండేళ్లపాటు సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గాని, అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో గాని ఉండిపోయే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. అందులో చిక్కుకున్న వైరస్ ప్రోటీన్ తొడుగులో ఒదిగిన జన్యుపదార్థమే తప్ప సొంత జీవక్రియ లేనిది కనుక ఆహారం లేకపోయినా నిలువగలదు. చలి రసాయన చర్యలను మందగింపజేస్తుంది, చీకటి అతినీలలోహిత కిరణాల తాకిడిని తప్పిస్తుంది. అయితే వైరస్ దెబ్బతిన్న జన్యుపదార్థాన్ని తనంతట తాను సరిచేసుకోలేదు కనుక ఈ మనుగడ శాశ్వతం కాదు.

ఫ్రాన్స్‌లో జాన్-మిషెల్ క్లావెరీ, షాంతాల్ అబెర్జెల్ బృందం సైబీరియాలోని సుమారు 30,000 ఏళ్ల నాటి మట్టి నుంచి పిథోవైరస్‌ను అమీబాలలో తిరిగి వృద్ధి చేసినట్లు 2014లో ప్రకటించింది. 2023లో వెల్లడించిన మరొక వైరస్ వయస్సు సుమారు 48,500 ఏళ్లు. ఇవి అమీబాలకే సోకుతాయన్న సంగతి వార్తల హడావిడిలో మరుగునపడటం విచారకరం. జన్యు అవశేషం దొరకడం వేరు, సోకే శక్తి మిగలడం వేరు: అలాస్కా మంచునేలలో పాతిపెట్టిన 1918 ఫ్లూ మృతుల దేహాలలో లభించినవి ఆర్‌ఎన్‌ఏ ముక్కలే గాని సజీవ వైరస్ కాదు.

భారతీయ పాఠకులకు మరింత దగ్గరి విషయం హిమానీనదాలది. టిబెట్ పీఠభూమిలోని గులియా మంచులో సుమారు 15,000 ఏళ్ల నాటి పొరల వరకు 33 వైరస్‌ల జన్యు ఆనవాళ్లను 2021లో గుర్తించగా, వాటిలో కనీసం 28 అంతకుముందు తెలియనివి. మన దేశంలో హుగ్లీ గంగకు పాయ కనుక, గంగోత్రి హిమానీనదం కరిగిన నీరు కొంత అందులోకీ చేరుతుంది. అయినా ఆ దూరప్రయాణంలో ఎండ, వేడి, ఇతర సూక్ష్మజీవులు వైరస్‌లను క్షీణింపజేస్తాయి.